మెషీన్ లేని చోట పిల్లలకు డయాలసిస్: జిల్లా ఆసుపత్రి వార్డు కోసం ఒక మార్గదర్శి

వానలు పడ్డాయంటే వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు పిల్లల వార్డులు వాంతులు, విరేచనాలు, జ్వరాలతో నిండిపోతాయి. వాళ్లలో కొందరికి రెండో రోజుకో మూడో రోజుకో మూత్రం ఆగిపోతుంది. ఆ తర్వాత జరిగేది చాలాసార్లు ఒకటే. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే అంకె) చూస్తారు, "డయాలసిస్ పడుతుంది" అంటారు, రిఫర్ రాస్తారు, 108 ఎక్కిస్తారు. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ఏటూరునాగారం అవతలి పిల్లలకైతే వరంగల్ చేరేసరికే సగం పూట గడిచిపోతుంది. రక్తంలో పొటాషియం 7 దాటి, గుండెకే ముప్పు ఉన్న బిడ్డ అంతసేపు ఆగుతుందన్న గ్యారంటీ లేదు.

పొట్ట ద్వారా చేసే డయాలసిస్‌కు, అంటే వార్డుల్లో పీడీ (పెరిటోనియల్ డయాలసిస్) అనే దానికి, కరెంటు మెషీన్ అక్కర్లేదు, ఆర్‌ఓ నీళ్ల ప్లాంటు అక్కర్లేదు, రక్తం శరీరం బయటికి రావాల్సిన పనీ లేదు. ఒక గొట్టం, శుభ్రమైన ద్రవం, గంట గంటకూ రాసే చార్టు, చేతులు కడుక్కునే మనుషులు ఉంటే చాలు. కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతిన్నప్పుడు పీడీ అన్ని చోట్లా సరైన చికిత్సేనని అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సొసైటీ 2020 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. పెద్ద ఊళ్లో దొరికేదానికి చౌక నకలు అనే చిన్నచూపు దీనికి అక్కర్లేదు.

ఇది పిల్లల వార్డులో పనిచేసే డ్యూటీ డాక్టర్లు, స్టాఫ్ నర్సుల కోసం. మొదటి గొట్టం మాత్రం చేయి తిరిగిన సీనియర్ పక్కన నిలబడి ఉండగానే వేయాలి, చదివింది చాలనుకోవద్దు. పిల్లల కిడ్నీ నిపుణుల ఫోన్ నంబర్ ఒకటి వార్డు గోడ మీద రాసి పెట్టుకోండి.

మొదటి మెట్టు: మూత్రం కొలవండి, ల్యాబ్ రిపోర్టులో అచ్చేసిన నార్మల్‌ను నమ్మకండి

"ఉచ్చ పోస్తున్నడా?" అంటే తల్లి "పోస్తున్నడు సారూ" అంటుంది. విరేచనాల్లో కలిసిపోయినదేదో, మూత్రమేదో ఆమెకు మాత్రం ఎలా తెలుస్తుంది? అడగాల్సింది ఇలా: "అమ్మా, చెడ్డీ ఉచ్చతో తడిసింది ఆఖరికి ఎప్పుడు?" "నిన్న పొద్దుగాల సారూ, మళ్ల పొయ్యలే." ఈ జవాబుతో సగం రోగ నిర్ధారణ అయిపోతుంది. ఆ వెంటనే బరువు తూచండి, మూత్రపు గొట్టం వేయండి, గంట గంటకూ కొలవండి.

ఈ మార్గదర్శి పొడవునా 8 కిలోల పాపను లెక్కకు తీసుకుందాం. గంటకు కిలోకు 0.5 మి.లీ. కన్నా తక్కువ, అంటే ఈ పాపకు గంటకు 4 మి.లీ. కన్నా తక్కువ, వరసగా 6 గంటలు వస్తే కిడ్నీ దెబ్బతింటున్నట్టే. 12 గంటలు చుక్క రాకపోతే అది మూడో దశ, అంటే అన్నిటికన్నా తీవ్రమైనది.

క్రియాటినిన్ దగ్గర చాలామంది మోసపోతారు. రిపోర్టులో పక్కనే నార్మల్ 0.6 నుంచి 1.2 అని అచ్చు వేసి ఉంటుంది. అది పెద్దవాళ్ల లెక్క. ఏడాది పాపకు మామూలుగా ఉండేది 0.2 నుంచి 0.4 దాకానే. ఆ పాపకు 1.0 వచ్చిందంటే రెండున్నర నుంచి ఐదు రెట్లు అయిందన్నమాట. రిపోర్టు నార్మల్ అంటుంది, కిడ్నీ మాత్రం మూతపడుతూ ఉంటుంది. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లు అయినా లెక్కలోకి వస్తుందని 2012 నాటి కేడీగో (అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాల సంస్థ) ప్రమాణం.

రెండో మెట్టు: డయాలసిస్ తప్పించే పనులు ముందు

బిడ్డ నీరు పోయి ఎండిపోయి ఉంటే ముందు నీరు ఇవ్వాలి. షాక్‌లో ఉంటే ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) గానీ నార్మల్ సెలైన్ గానీ కిలోకు 20 మి.లీ. ఇచ్చి, గుండె వేగం, కాలేయం సైజు, ఊపిరితిత్తుల చప్పుడు మళ్లీ చూడండి. నీరు నిండాక కూడా మూత్రం రాకపోతే సీసా మీద సీసా ఎక్కించడం ఆపండి. మా వైపు పిల్లలు డయాలసిస్ దాకా వచ్చేది కిడ్నీ వల్ల ఎంతో, మూత్రం రావాలని పోసిన సెలైన్ వల్ల కూడా అంతే అని నా అభిప్రాయం. మూత్రం తెప్పించే ఫ్రూసెమైడ్ కిలోకు 1 మి.గ్రా. ఒకసారి ఇచ్చి చూడొచ్చు, అదీ నీటి కొరత తీరాకే. దానికి స్పందన లేకపోతే మళ్లీ మళ్లీ పొడవడం వల్ల చెవులు పాడవడం తప్ప ఒరిగేది లేదు.

ఆ తర్వాత బిడ్డకు రోజుకు ఇచ్చే ద్రవం ఎంత? చెమట, ఊపిరి ద్వారా పోయేది ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు సుమారు 400 మి.లీ. మన పాప వైశాల్యం 0.4 చదరపు మీటరు, కాబట్టి 160 మి.లీ. దానికి ఆ రోజు పోసిన మూత్రం, విరేచనాల్లో పోయినది కలపండి. అంతే.

కారణం వెతకడం ఈలోపే జరగాలి. ఏజెన్సీ నుంచి వచ్చిన జ్వరమైతే ఫాల్సిపారం మలేరియా, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్, డెంగీ చూడాలి. చేలో పాము కరిచిందంటే రక్తపింజర అని అనుమానించి 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చేయాలి. రక్తం గడ్డకట్టకపోతే విషానికి విరుగుడు సీరం ముందు, పొట్టలో గొట్టం తర్వాత. సీరం డోసు పిల్లలకూ పెద్దలకూ ఒకటే. ఒంటి మీద కురుపులు తగ్గిన కొన్ని వారాలకు ముఖం ఉబ్బి, బీపీ పెరిగి, మూత్రం టీ రంగులో వస్తే అది ఆ ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే కిడ్నీ వాపు (గ్లోమెరులోనెఫ్రైటిస్). రక్త విరేచనాల తర్వాత పాలిపోయి ప్లేట్‌లెట్లు పడిపోతే హెచ్‌యూఎస్ అనే ఇంకో కిడ్నీ జబ్బు. మగపిల్లాడు మొదటి నుంచీ సన్నధారగా పోస్తుంటే మూత్రనాళంలో కవాటాలు అడ్డుపడి ఉండొచ్చు. అక్కడ మూత్రపు గొట్టమే చికిత్స, అల్ట్రాసౌండ్ తీయకుండా డయాలసిస్ మొదలుపెట్టడం తప్పు.

వాడిన మందుల చీటీలు అన్నీ అడిగి తీసుకోండి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర జ్వరానికి డైక్లోఫెనాక్ సూది, విరేచనాలకు జెంటామైసిన్ లేదా అమికాసిన్, రెండూ ఒకే రోజు పడి ఉంటాయి. నీరు పోయిన కిడ్నీకి ఈ జోడీ చాలా చెడ్డది. దగ్గు సిరప్ సీసా కూడా పారేయనివ్వకండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసింది సిరప్‌లో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్. అలాంటి విషమైతే పీడీ మీద ఆధారపడకండి, విరుగుడు మందు, రక్త డయాలసిస్ ఉన్నచోటికి వెంటనే పంపాలి. గడ్డి మందు పారాక్వాట్ తాగిన కేసుల్లోనూ పీడీతో విషం బయటికి రాదు. ఆ సంగతి కుటుంబానికి ముందే చెప్పాలి.

మూడో మెట్టు: ఇక ఆగకూడదని ఎప్పుడు అనుకోవాలి

క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి నిర్ణయించకండి. మందులకు లొంగని పొటాషియం, అది 6.5 దాటినా ఈసీజీ మారినా. బైకార్బొనేట్ ఇచ్చినా రక్తంలో ఆమ్లం తగ్గక, పీహెచ్ 7.2 లోపే ఉండటం. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. యూరియా పెరిగి మత్తు, ఫిట్స్ రావడం. ఒక రోజంతా మూత్రం లేక, తగ్గే సూచనా కనిపించకపోవడం. వీటిలో ఏది ఉన్నా గొట్టం సిద్ధం చేయండి.

నీటి బరువుకు సులభమైన లెక్క ఉంది. వచ్చినప్పుడు 8 కిలోలున్న పాప ఈరోజు 9.2 కిలోలైతే 1.2 కిలోలు నీరే, అంటే 15 శాతం. 10 శాతం దాటితే గట్టిగా ఆలోచించాలి, 20 దాకా చూస్తూ కూర్చోకూడదు.

గొట్టం పడేలోగా పొటాషియం సంగతి చూడాలి. 10% కాల్షియం గ్లూకొనేట్ కిలోకు 0.5 మి.లీ., మానిటర్ చూస్తూ 5 నుంచి 10 నిమిషాల్లో నెమ్మదిగా. ఇది గుండెను కాపాడుతుందే తప్ప పొటాషియంను తగ్గించదు. తగ్గించడానికి సాల్బుటమాల్ నెబ్యులైజేషన్, చిన్నపిల్లలకు 2.5 మి.గ్రా. దాంతోపాటు ఇన్సులిన్ కిలోకు 0.1 యూనిట్, 10% డెక్స్‌ట్రోజ్ కిలోకు 5 మి.లీ. చొప్పున కలిపి. షుగర్ గంట గంటకూ చూడాలి. కాల్షియం ఎక్కే లైన్‌లోనే బైకార్బొనేట్ పంపితే లైన్‌లో సున్నంలా గడ్డకడుతుంది, మధ్యలో సెలైన్‌తో కడగండి.

రక్త డయాలసిస్ మెషీన్ పక్క బిల్డింగులోనే ఉంది కదా అని ఎవరో ఒకరు అంటారు. మన పాప ఒంట్లో మొత్తం రక్తం 640 మి.లీ. ఉంటుంది. అందులో పదో వంతు, 64 మి.లీ. మించి ఒకేసారి బయట ఉండకూడదు. పెద్దవాళ్ల గొట్టాలు, ఫిల్టరే దానికన్నా చాలా ఎక్కువ మింగేస్తాయి. పీడీ వద్దనుకోవాల్సిన సందర్భాలు కొన్నే: ఈమధ్యే జరిగిన పొట్ట ఆపరేషన్, పొట్ట చర్మానికి పట్టిన ఇన్ఫెక్షన్, పేగు కుళ్లడం, పుట్టుకతో డయాఫ్రంలో లేదా పొట్ట గోడలో లోపం.

నాలుగో మెట్టు: ద్రవం, గొట్టం

కంపెనీ పీడీ ద్రవం 1.5%, 2.5%, 4.25% డెక్స్‌ట్రోజ్‌తో దొరుకుతుంది. అందులో పొటాషియం ఉండదు, లాక్టేట్ ఉంటుంది. మొదలుపెట్టేది 1.5%తో. నీరు ఎక్కువ లాగాలంటే 2.5%. 4.25% అవసరం అరుదు. చిన్నపిల్లల్లో అది షుగర్‌నూ సోడియంనూ పైకి ఎగదోస్తుంది.

స్టోర్‌లో లేదంటే చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. 500 మి.లీ. ఆర్‌ఎల్ సీసాలో 50% డెక్స్‌ట్రోజ్ 15 మి.లీ. కలిపితే దాదాపు 1.5% అవుతుంది, 25 మి.లీ. కలిపితే దాదాపు 2.4%. కలిపేది స్టెరైల్ గ్లవ్స్‌తో, సీసా మూతను స్పిరిట్‌తో తుడిచి, వాడే ముందే. సీసా మీద ఏం కలిపారో, ఎప్పుడు కలిపారో రాయాలి. ఆర్‌ఎల్‌లో లీటరుకు 4 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుందని గుర్తుంచుకోండి. పొటాషియం బాగా పెరిగిన బిడ్డకు మొదటి రోజు కంపెనీ ద్రవం దొరికితే అదే మేలు. కాలేయం దెబ్బతిన్న బిడ్డ లాక్టేట్‌ను అరిగించుకోలేదు. అక్కడ బైకార్బొనేట్ ద్రవం కావాలి, దాని పాళ్లు నిపుణులను అడిగే కలపండి.

లీటరుకు 500 యూనిట్ల హెపారిన్ కలుపుతారు, గొట్టంలో ఫైబ్రిన్ తెట్టు కట్టకుండా. ఇక్కడ నైట్ డ్యూటీలో జరిగే తప్పు ఒకటుంది. హెపారిన్ వయల్ మి.లీ.కు 1000 యూనిట్లదీ ఉంటుంది, 5000దీ ఉంటుంది, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మొదటిదైతే 0.5 మి.లీ., రెండోదైతే 0.1 మి.లీ. ఇద్దరు కలిసి లేబుల్ పైకి చదవాలి.

ద్రవం ఒంటి వేడికి రావాలి. చల్లని ద్రవంతో బిడ్డ వణుకుతుంది, నొప్పితో ఏడుస్తుంది. బకెట్ వేడినీళ్లలో సీసా ముంచే అలవాటు మానేయాలి, తడి మూత దగ్గర నుంచే బ్యాక్టీరియా లోపలికి పోతుంది. ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక వార్డు) రేడియంట్ వార్మర్ ఉంటుంది కదా, దాని కింద పొడిగా పెట్టండి.

గొట్టాల్లో మొదటి ఎంపిక మెత్తని టెన్‌కాఫ్ క్యాథెటర్, 1968 నుంచి వాడుకలో ఉన్నదే. అది లేకపోతే వైరు మీదుగా జారించే మెత్తని గొట్టాలు. అత్యవసరంలో సెంట్రల్ వీనస్ క్యాథెటర్‌తోనూ నడిపించొచ్చు. మన ఆసుపత్రుల్లో చేతికందేది మాత్రం ఎక్కువగా లోపల సూదితో వచ్చే గట్టి గొట్టం. అది ప్రాణం నిలబెడుతుంది, కానీ 72 గంటలు దాటి ఉంచకూడదు. ఆపైన ఇన్ఫెక్షన్, పేగుకు రంధ్రం పడే ప్రమాదం గంట గంటకూ పెరుగుతుంది.

ఐదో మెట్టు: గొట్టం వేయడం

మూత్రాశయం ఖాళీగా ఉండాలి. పసిపిల్లల్లో అది పొట్టలోకే ఉంటుంది, నిండి ఉంటే సూది నేరుగా అందులోకే. ముక్కు గొట్టం వేసి పొట్టను ఖాళీ చేయండి. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం చూడండి. సెఫజోలిన్ యాంటీబయాటిక్ ఒక డోసు ముందుగా. నొప్పి తెలియకుండా మందు, మానిటర్, ఆక్సిజన్, బ్యాగ్ మాస్క్ పక్కనే. 1% లిగ్నొకైన్ కిలోకు 3 మి.గ్రా. లెక్కన ఈ పాపకు 2.4 మి.లీ. దాటకూడదు.

చోటు: బొడ్డుకూ పొత్తికడుపు కింది ఎముకకూ మధ్య గీతలో, బొడ్డు నుంచి మూడో వంతు కిందికి. కొందరు ఎడమ పక్క ఎంచుకుంటారు. పక్కకు పోయే ముందు చేత్తో ప్లీహం తడిమి చూడండి. మలేరియా ప్రాంతం పిల్లల్లో అది బొడ్డు దాకా దిగి ఉండొచ్చు.

ఆపరేషన్ థియేటర్‌లో ఎలాగో అలాగే గౌను, మాస్క్, గ్లవ్స్. ముందు ఒక ఐవీ క్యాన్యులాతో కిలోకు 20 మి.లీ., మన పాపకు 160 మి.లీ., గోరువెచ్చని ద్రవం పొట్టలోకి పంపాలి. పేగులు తేలి గోడ నుంచి పక్కకు తప్పుకుంటాయి. తర్వాత చర్మం మీద చిన్న గాటు పెట్టి, గొట్టాన్ని మెలితిప్పుతూ నొక్కాలి. గోడ దాటగానే చేతికి 'టప్'మన్నట్టు తెలుస్తుంది. అక్కడ సూదిని వెనక్కి లాగి, గొట్టాన్ని మాత్రమే కటి వైపు జారించాలి. పక్క రంధ్రాలన్నీ లోపలే ఉండాలి, ఒక్కటి బయట ఉన్నా కారుతూనే ఉంటుంది. చుట్టూ కుట్టు వేసి, కదలకుండా ప్లాస్టర్ వేయాలి.

మొదట బయటికొచ్చే ద్రవం లేత గులాబీ రంగులో ఉంటే గాభరా పడొద్దు. చిక్కటి ఎర్రటి రక్తం, మలం వాసన వస్తే ఆపి సర్జన్‌ను పిలవాలి. గొట్టం వేయగానే బిడ్డకు మూత్రం ధారగా వచ్చి, అందులో షుగర్ కనిపిస్తే సంబరపడకండి. ద్రవం మూత్రాశయంలోకి పోతోంది. అలాగే నీళ్ల విరేచనం మొదలైతే పేగులోకి.

ఆరో మెట్టు: గంట గంటకూ సైకిళ్లు

అసలు డయాలసిస్ చేసేది సిస్టరే, డాక్టర్ గొట్టం వేసి వెళ్లిపోతాడు. అందుకే ఈ బిడ్డకు ఒక నర్సును ప్రత్యేకంగా ఇవ్వకుండా పీడీ మొదలుపెట్టడాన్ని నేను ఒప్పుకోను.

ద్రవం పొట్టలోకి పంపి, కాసేపు ఉంచి, బయటికి తీయడం ఒక సైకిల్. మొదటి రోజు సైకిల్‌కు కిలోకు 10 మి.లీ., అంటే 80 మి.లీ. కొత్త గాటు దగ్గర కారకుండా ఉండాలంటే ఇది ముఖ్యం. కారకపోతే మెల్లగా 20కి, రెండు మూడు రోజుల్లో 30కి. లోపలికి పోవడానికి 10 నిమిషాలు, లోపల 30 నుంచి 40 నిమిషాలు, బయటికి రావడానికి 10 నుంచి 20. మొత్తం సుమారు గంట. రాత్రీ పగలూ ఆగదు. సైకిల్‌కు 160 మి.లీ. చొప్పున గంటకొకటైతే రోజుకు దాదాపు 4 లీటర్లు. అర లీటరు సీసాలైతే 8 మార్పులు, ప్రతి మార్పూ ఇన్ఫెక్షన్‌కు ఒక అవకాశం. పిల్లల పీడీ సెట్ లేకపోతే కొలత బ్యురెట్, త్రీవే (మూడు దారుల కుళాయి), యూరిన్ బ్యాగ్ కలిపి ఒక మూసిన లైన్ తయారు చేసుకోవచ్చు. ఒకసారి కలిపాక దాన్ని విప్పకూడదు.

చార్టులో ఒక వరస ఇలా ఉంటుంది: "సైకిల్ 9, లోపలికి 160, బయటికి 172, తేడా బయటికి 12, మొత్తం బయటికి 64, రంగు తేట." ఆ 'మొత్తం' గడి ఖాళీ వదిలేసిన చార్టు పనికిరాదు. మూడు సైకిళ్లకు మూడుసార్లు 15 మి.లీ. లోపలే మిగిలితే ఏ ఒక్క గడి చూసినా తప్పు కనిపించదు, మొత్తం చూస్తేనే 45 అని తెలుస్తుంది.

బయటికి సరిగ్గా రాకపోతే ముందు గొట్టం మడత పడిందా చూడండి, బిడ్డను పక్కకు తిప్పండి, మలబద్ధకం ఉంటే వదిలించండి, 10 మి.లీ. స్టెరైల్ సెలైన్‌తో మెల్లగా ఫ్లష్ చేయండి. సిరంజితో లాగొద్దు. పొట్టలోని కొవ్వు పొర రంధ్రాల్లోకి ఇరుక్కుంటే ఆ గొట్టం పని అయిపోయినట్టే. బిడ్డ ఆయాసపడితే సగం పరిమాణానికి తగ్గించి, తల వైపు ఎత్తండి.

షుగర్ 4 నుంచి 6 గంటలకోసారి, పొటాషియం మొదటి రోజు 6 గంటలకోసారి. కంపెనీ ద్రవం వాడుతున్నప్పుడు పొటాషియం 4 లోపు పడితే లీటరు ద్రవానికి 3 నుంచి 4 మిల్లీ ఈక్వివలెంట్లు కలపాలి. మన 15% కేసీఎల్ ఆంప్యూల్‌లో 1 మి.లీ. అంటే 2 మిల్లీ ఈక్వివలెంట్లు, కాబట్టి లీటరుకు 1.5 నుంచి 2 మి.లీ. ఇక్కడా ఇద్దరు చూడాలి.

తిండి ఆపకండి. పొట్టలో గొట్టం ఉందని తల్లిపాలు మాన్పించడం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు కానీ అన్ని వార్డుల్లో ఉంది. ద్రవంతో పాటు ప్రొటీన్ రోజూ బయటికి పోతుంది. తల్లిపాలు, పాలు, గుడ్డు, పప్పన్నం వయసును బట్టి పెట్టాలి.

ద్రవం మసకబారితే, పొట్ట నొప్పి, జ్వరం వస్తే వెంటనే ఆ ద్రవాన్ని కణాల లెక్కకు, కల్చర్‌కు పంపండి. తెల్లకణాలు మైక్రోలీటరుకు 100 దాటి, సగానికి పైగా న్యూట్రోఫిల్స్ ఉంటే పొట్టలో ఇన్ఫెక్షన్ ఉన్నట్టే. కల్చర్ వచ్చేదాకా ఆగకుండా యాంటీబయాటిక్ ద్రవంలోనే కలిపి మొదలుపెట్టి, గట్టి గొట్టమైతే మార్చేయండి.

ఇంట్లోవాళ్లతో

సంతకం కాగితం పెట్టే ముందు పది నిమిషాలు కూర్చోండి. అడిగేవి దాదాపు రెండే. "పొట్టల గిన్ని నీళ్లు పోస్తే పలగదా సారూ?" పోసిన ప్రతి చుక్కా కొలిచి బయటికి తీస్తామని, ఆ బ్యురెట్ చూపిస్తూ చెప్పండి. ఆ తర్వాత నానమ్మే కాపలా కాస్తుంది, సిస్టర్‌కు గుర్తుచేస్తుంది కూడా. రెండోది: "జిందగీ మొత్తం గిట్లనే చేయాల్నా?" ఊళ్లో ఎవరికో వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతుంటుంది, వాళ్ల టెన్షన్ అక్కడి నుంచి వస్తుంది. "లేదమ్మా, ఇది పాత జబ్బు కాదు. విరేచనాలతో, జ్వరంతో దెబ్బతిన్న కిడ్నీ చాలామందిలో కొన్ని వారాల్లో కోలుకుంటది. అప్పటిదాకా దాని పని మనం చేస్తున్నం." ఇది నిజం. అయితే అందరికీ కోలుకోదన్నదీ దాచకండి. ఆరోగ్యశ్రీ కాగితాలు అదే రోజు మొదలుపెట్టించండి, రాత్రి వచ్చిన కుటుంబానికి ఆ కౌంటర్ ఎక్కడుందో కూడా తెలియదు.

ఆపడం, ఇంటికి పంపడం

మూత్రం గంటకు కిలోకు 1 మి.లీ. దాటి, సైకిళ్ల మధ్య వ్యవధి పెంచినా క్రియాటినిన్ పెరగకపోతే, ఒక రోజు పీడీ ఆపి చూడండి. నిలకడగా ఉంటే గొట్టం తీసేయొచ్చు. తర్వాత కొందరికి మూత్రం విపరీతంగా పోస్తుంది. ఆ రెండు మూడు రోజులు నీరు, పొటాషియం తగ్గిపోకుండా చూడాలి, లేదంటే కోలుకున్న కిడ్నీ మళ్లీ ఎండిపోతుంది.

డిశ్చార్జి చీటీ మీద బరువు, బీపీ, చివరి క్రియాటినిన్ రాయండి. వారానికి, నెలకు, మూడు నెలలకు రమ్మనండి. మూడు నెలల దగ్గర బీపీ, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ మూడూ చూడాలి, ఆ తర్వాత ఏటా ఒకసారి. అడుగున పెద్ద తెలుగు అక్షరాలతో ఇంకో లైను: "ఈ పాపకు కిడ్నీ దెబ్బతిన్నది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, జెంటామైసిన్, అమికాసిన్ డాక్టర్‌ను అడగకుండా వేయొద్దు." చీటీని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇచ్చి, జ్వరమొస్తే ఊళ్లో ఆర్ఎంపీకి ముందు ఇదే చూపించమనండి.